చెయ్యి వేయని గంట

గంటంటే ఎంతలే అనుకుంది ఆమె, చాప మీద బాసింపట్టు వేసుకుని గోడకు వీపు ఆనించినప్పుడు. తీరా కూర్చున్నాక గడియారం ముల్లును ఎవరో జిగురు పెట్టి అతికించినట్టనిపిస్తోంది. ఎదురుగా, గదికి ఆ చివర, సోఫా పక్కన కూతురు కూర్చుని ఉంది. ఏడాదిన్నర పిల్ల, చూసినవాళ్ళు మాత్రం ఏడాది కూడా నిండలేదనుకుంటారు. మధ్యలో ఖాళీ నేల, ఆ నేల మీద ఒక ఎర్ర బంతి, కిటికీలోంచి పడిన ఇంత ఎండ. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి నిన్న వెళ్తూ వెళ్తూ, గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ కూడా మళ్ళీ చెప్పింది. "అక్కా, పిలవకండి. చేతులు చాపకండి. బొమ్మ చూపించి ఆశ పెట్టకండి. పాప అటు, మీరిటు. ఊరికే అక్కడుండండి, అంతే." మరి వస్తుందా అని అడిగితే నవ్వింది. "రావాలని పాపకి అనిపించాలి కదక్కా. అడక్కముందే మీరు ఎత్తేసుకుంటుంటే ఇంక ఎందుకనిపిస్తుంది?" అదీ నిజమే. ఈ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి ఆ పిల్ల కాళ్ళు నేల మీద కంటే తన నడుం మీదే ఎక్కువ ఉన్నాయి. పిల్ల అడిగిందీ లేదు, తను దింపిందీ లేదు. అసలు అడగడమంటే ఏమిటో ఆ పిల్లకు తెలుసో లేదో కూడా తెలియదు, అదే కదా అసలు సంగతి, అందుకే కదా ఈ గంట.

ఊరికే కూర్చోవడం కూడా ఒక పనేనా అని ఇంకెవరైనా నవ్వొచ్చు గానీ ఆమె నవ్వలేదు, ఎందుకంటే పొద్దున్న లేస్తే తను చేసే ఉద్యోగమే అది. కారు నడపడం నేర్పుతుంది. నేర్చుకునేవాళ్ళు స్టీరింగు ముందు, తను పక్క సీట్లో, తన కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు. వాళ్ళు కరెంటు స్తంభానికేసి బాణంలా పోతున్నా సరే, గుండె గొంతులోకొచ్చినా సరే, ముఖం మీద నవ్వు చెదరనివ్వకుండా కాలిని ఆ బ్రేకుకు కాస్త పైన ఆపి ఉంచాలే తప్ప తొక్కకూడదు. తొక్కడం ఎవరికైనా వస్తుంది, తొక్కకుండా ఉండడం రావడానికి ఆమెకు ఏళ్ళు పట్టింది. మరీ ముందు తొక్కేస్తే నేర్చుకునే మనిషి కాలికి ఎప్పటికీ తెలిసిరాదు, మరీ ఆలస్యమైతే స్తంభానికి తెలిసొస్తుంది. ఆ రెంటికీ మధ్య ఉన్న సన్నటి సందులోనే తన బతుకుతెరువంతా. అంత అనుభవం ఉండి కూడా, ఇప్పుడు పిల్ల కాస్త ఒక పక్కకు ఒరిగేసరికి, బాసింపట్టులోంచి కుడికాలు ఎప్పుడు జారి ముందుకొచ్చిందో ఏమో, చాపను గట్టిగా అదిమిపట్టి ఉంది. చూసుకుని సిగ్గుపడి కాలు మడుచుకుంది. పిల్ల పడలేదు. ఒరిగింది, చేత్తో నేలను ఊతం చేసుకుంది, మళ్ళీ నిటారుగా కూర్చుంది, ఆ చెయ్యి తనదేనా అన్నట్టు ఒకసారి చూసుకుంది. బావుందే, అనుకుంది ఆమె. మొన్నటి దాకా ఒరిగితే ఒరిగిన వైపే పోయేది, కోసి పడేసిన అరటిబోదెలాగా.

పిల్ల చూపు బంతి మీద లేదు, ఎండ మీద ఉంది. కిటికీ ఊచలు ఆ ఎండను పలకలుగా కోశాయి. దగ్గరగా ఉన్న పలక అంచును చూపుడువేలూ బొటనవేలూ కలిపి పట్టుకోబోయింది. దొరకలేదు. వేళ్ళు విప్పి చూసింది, ఏమీ లేదు. మళ్ళీ పట్టుకుంది, మళ్ళీ విప్పింది. ఈసారి ఎండ వేళ్ళ మీదకే ఎక్కింది, పట్టుకుందామంటే నేల మీద లేదు, తన ఒంటి మీదే ఉంది, ఇదేం గొడవ అన్నట్టు కనుబొమలు దగ్గరకొచ్చాయి. ఆమెకు నవ్వొచ్చింది, నవ్వితే పిలిచినట్టవుతుందేమోనని పెదవి కొరుక్కుంది. ఆ రెండు వేళ్ళూ అలా కలవడానికి ఎన్నాళ్ళు పట్టిందని! మొదట్లో పిల్లకు చెయ్యంటే ఒక పార, అంతే. బిస్కెట్టు తునక ముందు పెడితే అరచేత్తో గీకేది, గీకితే తునక పిడికిట్లో ఎక్కడో ఇరుక్కునేది, నోటి దగ్గర పిడికిలి విప్పితే కింద పడేది, పడినా పిల్లకు కోపం రాదు, విసుగు రాదు, లేదంటే లేదు, పోయిందంటే పోయింది. తర్వాత ఒక పొద్దున తను తల దువ్వుకుంటుంటే నేల మీద రాలిన వెంట్రుకను చూపుడువేలితో కదిపి, బొటనవేలు తెచ్చి ఆనించి, పైకెత్తి పట్టుకుంది. పొడుగాటి వెంట్రుక గాల్లో ఊగుతుంటే, నిండు కోర్టులో సాక్ష్యం చూపించినట్టు ఆమెకు చూపించింది. ఆయన అప్పటికే దానికి జడ్జమ్మ అని పేరు పెట్టాడు. "చూడు, ఆ చూపు చూడు, మనిద్దరికీ శిక్ష రాసేసి సంతకం కోసం ఆగినట్టు లేదూ?" అన్నాడు మొదటి రోజే.

మొదటి రోజు. దత్తత కోసం వెళ్ళిన శిశుగృహంలో ఆ పెద్ద గది, గోడ వారన వరసగా చిన్న చిన్న ఊచల మంచాలు, ప్రతి మంచంలో ఒక పిల్లో పిల్లాడో, ఆ నిశ్శబ్దం. అంతమంది పసివాళ్ళు ఒకచోట ఉంటే ఇల్లు పీకి పందిరేయాలి కదా, ఎంత బుద్ధిమంతులో అనుకుంది తను, పిచ్చి మొహం, నిజంగా అలాగే అనుకుంది. కిటికీ పక్క మంచంలో వెల్లకిలా పడుకుని తన చెయ్యిని తన కళ్ళ ముందే తిప్పుకుంటూ చూస్తున్న పిల్లను చూపించి అక్కడి ఆయా, "ఇది బంగారమమ్మా, అసలు ఏడవదు" అంది. పాపం, మెచ్చుకోలుగానే అంది. ఉన్న రెండు చేతులతో అంతమందికి పాలు పట్టాలి, గుడ్డలు మార్చాలి, ఆవిడ మటుకు ఏం చేస్తుంది? పిల్ల పేరు చెప్పి చెంప మీద చిటికె వేసి మరీ ఆమె చేతుల్లో పెట్టింది, పెట్టాక పైట చెంగుతో కళ్ళొత్తుకుంది. పిల్ల మాత్రం ఆయా వంక చూడలేదు, ఆమె వంకా చూడలేదు. ఆమె నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోట, నలుపూ తెలుపూ కలిసే ఆ గీత వెంబడి చూపు పోనిస్తూ పోయింది. ముఖంలో కళ్ళుంటాయని, ఆ కళ్ళు తనను చూస్తుంటాయని ఎవరూ చెప్పలేదు కాబోలు. పది నెలలు ఆ పిల్లకు లోకమంటే పైకప్పు, తిరిగే ఫ్యాను, తన చెయ్యి. ఆ మూడింట్లో చెప్పినట్టు వినేది చెయ్యి ఒక్కటే, కాబట్టి దానితోనే స్నేహం.

ఇంటికొచ్చాక వారం రోజులు గర్వంగా తిరిగింది తను. నిద్రలో లేవదు, ఆకలేసినా గోల చేయదు, తడిపినా అలాగే పడుకుంటుంది. కింది వాటాలో ఉండే ఆవిడకు అప్పుడే నెలల బాబు, రాత్రీ పగలూ తేడా లేకుండా సైరన్ మోగించే రకం, ఆవిడ కళ్ళ కింద నల్లటి గుంటలేసుకుని మెట్ల మీద ఎదురుపడి, "నీ నోము పండిందమ్మా, ఎంత పుణ్యం చేసుకున్నావో" అనేది. అమ్మ కూడా ఫోన్లో, "నువ్వైతే పుట్టిన ఏడాదంతా ఏడుపే, మీ నాన్న చెవుల్లో దూది పెట్టుకు తిరిగేవాడు, నీకీ బంగారం ఎలా దొరికిందే" అని మురిసిపోయింది. తర్వాత డాక్టరు ఫిజియో దగ్గరకు పంపితే, ఆ అమ్మాయి పిల్ల పాదాలు పట్టుకుని మెల్లిగా మడిచి చూస్తూ, మాటల్లో మాటగా, "పడితే ఏడుస్తుందా అక్కా?" అంది. "అబ్బే, మా పిల్ల అసలు ఏడవదమ్మా" అని తను ఇంత మొహం చేసుకుని చెప్పింది. ఆ అమ్మాయి చేతులు ఒక్క క్షణం ఆగాయి. మళ్ళీ కదిలాయి. "ఏడుపు కూడా నేర్చుకునేదే అక్కా. ఏడిస్తే ఎవరైనా వస్తారని తెలిస్తే ఏడుస్తారు. ఎవరూ రాకపోతే కొన్నాళ్ళు చూసి మానేస్తారు." అంతే అంది. కసురుకున్నట్టు కూడా లేదు, కాళ్ళ గురించి చెప్పినట్టే చెప్పింది. ఆ రోజు ఇంటికి వస్తూ సిగ్నలు దగ్గర ఆకుపచ్చ లైటు పడినా తను కదలలేదు, వెనక బళ్ళన్నీ హారన్లు మోగించాయి, నేర్పే మనిషి అయ్యుండి. వెనక సీట్లో పిల్ల ఆ హారన్లు వింటూ, ఏ గొడవా లేకుండా, అద్దం మీది మరకను చూసుకుంటూ కూర్చుంది.

గోడ అవతల గుర్రుమని మోత మొదలైంది, పిల్ల తల అటు తిరిగింది. ఆయన పనిలోకి దిగాడు. పళ్ళసెట్లు చేస్తాడు ఆయన. పళ్ళ డాక్టర్లు ఎవరెవరివో నోటి అచ్చులు పంపిస్తారు, ఆ పక్క గదిలో కూర్చుని మైనంతో, గులాబీరంగు చిగుళ్ళతో, ఒక్కో పన్నూ పేర్చి, చిన్న మరతో అరగదీసి, నునుపు చేసి నోరు తయారుచేస్తాడు. ఆ మోత ఎక్కణ్ణుంచి వస్తోందో పిల్లకు తెలియడమే ఒక పెద్ద పండగయింది వాళ్ళకు. మొదట్లో మోత రాగానే పైకప్పు చూసేది, ఎందుకంటే మోతలన్నీ ఫ్యానులోంచే వస్తాయని దాని లెక్క. ఇప్పుడు గోడకేసి చూస్తుంది, ఆ తర్వాత తలుపుకేసి. ఆ తలుపులోంచి మోత చేసిన మనిషి వస్తాడని కనిపెట్టేసింది. ఒక సాయంత్రం ఆయన తెల్లటి పొడి అంటిన చేతులతో అలా తలుపు దగ్గర నిలబడి, ఎవరిదో సగం అయిన పళ్ళసెట్టును వేళ్ళ మధ్య పట్టుకుని టకటకమనిపిస్తూ, "అమ్మా జడ్జమ్మా, ఈ నోరు ఏ పాపం ఎరగదమ్మా" అని గొంతు మార్చి మాట్లాడించాడు. పిల్ల ఆ పళ్ళను చూసింది. పళ్ళ మీద నుంచి ఆయన నోటిని చూసింది. మళ్ళీ పళ్ళు, మళ్ళీ నోరు. మాట ఎక్కణ్ణుంచి వస్తోందో తేల్చుకోవాలి కదా. నోటి దగ్గర్నుంచి చూపు మెల్లిగా ఎక్కి కళ్ళ దగ్గర ఆగింది, ఆగి అక్కడే ఉండిపోయింది. ఆయన అలాగే కొయ్యబారిపోయాడు, పళ్ళసెట్టు గాల్లో, నోరు తెరిచి. పిల్ల చెయ్యి లేచింది, ముందుకు వచ్చింది, పళ్ళసెట్టును పట్టుకుంది. ఈ ఇంట్లో తనంతట తను కావాలని చెయ్యి చాపిన మొదటి వస్తువు. లోకంలో పిల్లలకు గిలక్కాయలుంటాయి, మన పిల్లకు పళ్ళసెట్టు, అని రాత్రి పడుకోబోయే దాకా నవ్వుతూనే ఉన్నాడు ఆయన, నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు. ఆ సెట్టు మళ్ళీ మొదటినుంచి చేసి పంపాడు, పాపం ఆ నోటివాళ్ళు ఇంకొన్నాళ్ళు మెత్తటివే తిని ఉంటారు.

తనకు అసూయ పుట్టలేదా? పుట్టింది. కొంచెం. కాదు, కొంచెం కాదు. పాలు కలిపేది తను, స్నానం చేయించేది తను, ఒళ్ళో వేసుకుని ఊపేది తను, చూపు మాత్రం ముందు ఆయనకు దక్కింది. కానీ అది పెద్ద బాధ కాదు, అసలు బాధ తలుపు దగ్గరిది. పొద్దున కారు తాళాలు తీసుకుని తను బయటికి వెళ్తుంటే పిల్ల తల తిప్పదు. గుమ్మం దాటి తలుపు వేయబోతూ, ప్రతిరోజూ, సందులోంచి ఒకసారి చూస్తుంది తను. ఉన్నప్పుడు ఉంది, లేనప్పుడు లేదు, అంతే, ఆ బిస్కెట్టు తునకలాగే. సాయంత్రం వస్తే ఓహో ఇది మళ్ళీ ఉందన్నమాట అన్నట్టు ఒక చూపు. కింది వాటా బాబు మాత్రం వాళ్ళమ్మ గుమ్మం దాటితే చాలు, ఇల్లెగిరిపోయేలా అరుస్తాడు. ఆ అరుపు విన్నప్పుడల్లా ఆవిడ తల పట్టుకుంటుంది, తను కారు తలుపు పట్టుకుని వింటూ నిలబడుతుంది. వెళ్ళిపోయినవాళ్ళు ఎక్కడో ఉంటారని, కనబడకపోయినా ఉంటారని, పిల్లలు ఎప్పుడు నేర్చుకుంటారు? ఎవరు చెప్తారు? చెప్తే వచ్చేది కాదు కాబోలు. తన దగ్గర కారు నేర్చుకున్న గడియారాల షాపు పెద్దాయన అనేవాడు, మేడం, నా కాళ్ళు నా మాట వినడం లేదు, అని. వెంట్రుకంత సన్నటి స్ప్రింగుని పట్టకారుతో తీసి గడియారంలో బిగించగల వేళ్ళాయనవి, క్లచ్చు దగ్గరికొచ్చేసరికి రెండు కాళ్ళూ ఒకదానికొకటి పరాయివి. ఎంతసేపూ తల వంచి కిందికి చూసుకునేవాడు. "కాళ్ళతో మాట్లాడ్డం మానేయండి సార్, అవే వింటాయి" అనేది తను. ఒక రోజు షాపుకొచ్చిన ఎవరిదో గోడగడియారం కథ మొదలుపెట్టి, అది ఎలా ఎన్ని గంటలైనా ఒక్క గంటే కొడుతుందో చెప్తూ చెప్తూ, మలుపు తిప్పాడు, గేరు మార్చాడు, ఇంకో గేరు మార్చాడు, క్లచ్చు వెన్నలాగా వదిలాడు. తను ఊపిరి బిగబట్టి కథకు ఊఁ కొడుతూనే ఉంది. అంతలో ఆయనకు గుర్తొచ్చింది తను బండి నడుపుతున్నానని, గుర్తొచ్చిన మరుక్షణం బండి ఆగిపోయింది. ఇద్దరూ నడిరోడ్డు మీద పగలబడి నవ్వారు.

ఎర్ర బంతి కదిలింది. పిల్ల కాలు తగిలిందో ఏమో, అది దొర్లుకుంటూ పోయి సోఫా కిందికి వెళ్ళిపోయింది. ఇక ఆ బంతి సంగతి అంతే అనుకుంది ఆమె. పోయింది పోయిందే కదా ఆ పిల్లకు. పిల్ల సోఫా వంక చూసింది. బంతి లేని నేలను చూసింది. మళ్ళీ సోఫా. రెండు చేతులూ నేలకు ఆనించి వంగింది, వంగి చెంప నేలకు తాకేలా తల దించింది, సోఫా కింది చీకట్లోకి చూసింది. ఆమెకు ఒళ్ళంతా ఏదో పాకింది. వెతుకుతోంది. ఈ పిల్ల వెతుకుతోంది. కనబడనిది ఎక్కడో ఉందని అనుకుంటోంది. ఏవండీ అని కేకేయబోయి నోరు మూసుకుంది, మోతలో ఆయనకు వినబడదు, వినబడినా పిల్ల బెదురుతుంది. పిల్ల చెయ్యి పెట్టింది సోఫా కింద, అందలేదు. చెయ్యి తీసి చూసుకుంది. అప్పుడు సోఫా అంచు పట్టుకుంది, పైకి లేవడానికి. కింద ఉన్న బంతికి పైకెందుకు లేవడం తల్లీ, అని అడగాలనిపించింది గానీ వాళ్ళ ఆలోచన వాళ్ళది. ఒక మోకాలు, ఇంకో మోకాలు, పిరుదులు గాల్లోకి, ఆ పాదం ఎక్కడ పెట్టాలో తెలియక రెండుసార్లు గాలిలో తడుముకుని, పెట్టింది. నిలబడింది. రెండు చేతులూ సోఫా మీద, పొట్ట ముందుకు, ఎవరో పెద్ద ఆఫీసరు కౌంటరు దగ్గర నిలబడినట్టు. ఇది కొత్త కాదు, పట్టుకుని నిలబడడం ఈ మధ్య వచ్చింది. కానీ తర్వాత గోడ అవతల మోత ఆగింది. పిల్ల తలుపు వంక తిరిగింది, మోత ఆగితే ఆయన వస్తాడు కదా మరి, చూద్దామని ఒళ్ళంతా తిరిగింది, తిరగడంలో ఒక చెయ్యి వదిలింది, ఆ తర్వాత రెండోది కూడా.

నిలబడే ఉంది. దేన్నీ పట్టుకోకుండా, ఎవరూ పట్టుకోకుండా, గది మధ్యకు ముఖం పెట్టి. కాళ్ళు కొద్దికొద్దిగా వణుకుతూ, వేళ్ళతో నేలను పట్టుకుంటూ, తమలో తాము ఏదో మాట్లాడుకుంటూ నిలబెట్టాయి. పిల్లకు ఆ సంగతి తెలియదు, దాని ధ్యాసంతా తలుపు మీద. ఆమె లోపల్లోపలే బతిమాలుకుంది. వద్దు, గుర్తు తెచ్చుకోకు, ఇప్పుడు నీ కాళ్ళ వంక చూసుకోకు. గోడ అవతల మోత మళ్ళీ అందుకుంది. ఆయన రాడు. పిల్ల తలుపు మీద నుంచి చూపు తిప్పి, ఎటూ కాకుండా కాసేపు ఉంచి, కిందికి చూసింది. పాదాలు. వాటి చుట్టూ ఏమీ లేదు. ముఖంలో ఆశ్చర్యం నిండక ముందే మోకాళ్ళు విడిపోయాయి, కూలబడింది, కూలబడుతూ వెనక్కి ఒరిగింది, తల వెనక భాగం సోఫా చెక్కకు ఠక్కున తగిలింది. చిన్న దెబ్బే, అయినా ఆ ఠక్కు ఆమె పళ్ళలోకి పాకింది. కుడికాలు చాపను చీల్చేలా తొక్కింది, ఏ బండీ ఆగలేదు.

తర్వాత వచ్చింది ఆ నిశ్శబ్దం. ఆమెకు బాగా తెలిసిన నిశ్శబ్దం. ఇప్పుడు పిల్ల చెయ్యి ఎత్తి కళ్ళ ముందు తిప్పుకుంటుంది, కళ్ళలో నీళ్ళు తిరిగినా చప్పుడు రాదు, కాసేపటికి ఏమీ జరగనట్టే ఉంటుంది. అన్నిసార్లూ అంతే. చెయ్యి లేవలేదు. పిల్ల చూపు చెయ్యి మీద లేదు. గది ఈ చివరకు, చాప మీదికి, మనిషి మీదికి వచ్చింది, జుట్టు గీత దగ్గర ఆగలేదు, నుదురు దిగింది, ఆమె కళ్ళను పట్టుకుంది. పట్టుకుని వదల్లేదు. కింది పెదవి ఒకటి బయటికి వచ్చింది, అది ఇంతవరకూ ఎప్పుడూ చూడని పెదవి. గడ్డం మీద చిన్న చిన్న గుంటలు పడ్డాయి. ముక్కు ముడుచుకుంది, ముఖమంతా నలిగిన కాగితంలా దగ్గరకొచ్చింది, నోరు తెరుచుకుంది, తెరుచుకుని చాలాసేపు అలాగే ఉంది, లోపల ఎక్కడో ఉన్నదాన్ని పైకి తోడుకుంటున్నట్టు. అప్పుడొచ్చింది ఏడుపు. బొంగురు గొంతు, వాడక తుప్పు పట్టిన గేటు తీసినట్టు మొదలై, అంతలోనే దారి తెలుసుకుని, గుక్క పెట్టి, గది కిటికీలు అదిరేలా, నేరుగా ఆమె ముఖంలోకి.

లేవబోయింది ఆమె. లేవలేకపోయింది. ఎడమకాలు తిమ్మిరెక్కి మొద్దులా పడి ఉంది, దాని మీద బరువు వేస్తే అది పక్కకు మడత పడింది, పడిపోయి మోచెయ్యి కొట్టుకుంది. ఇక లేచే ప్రయత్నం మానేసి రెండు చేతులూ రెండు మోకాళ్ళూ నేలకు ఆనించి పాకడం మొదలుపెట్టింది, పైట ఒక పక్క ఈడుస్తూ, తిమ్మిరి కాలును వెనక లాక్కుంటూ, వస్తున్నా వస్తున్నా వస్తున్నానమ్మా అని మొత్తుకుంటూ, ఎండ మీదుగా, గది అంతా దాటి. పిల్ల ఏడుస్తూనే, తన ఎత్తులో, తనలాగే పాక్కుంటూ వస్తున్న ఆ పెద్ద ముఖాన్ని కళ్ళు వదలకుండా చూసింది. దగ్గరకొచ్చేసరికి రెండు చేతులు పైకి లేచాయి. పిల్లవే. ఆమె కాదు ముందు చాపింది.

మోత ఆగి, తలుపు భళ్ళున తెరుచుకుని, ఆయన చేతి నిండా తెల్లటి పొడితో పరిగెత్తుకొచ్చాడు. నేల మీద జుట్టు రేగిన భార్య, ఆమె మెడను కరుచుకుని ఎర్రబడిన పిల్ల.

"ఏమైంది? ఎవరేడ్చింది?"

"ఏవండీ, ఇదే. ఇదే ఏడుస్తోంది!"

"ఎవరు, జడ్జమ్మా?"

"నన్ను చూసి ఏడ్చిందండీ. వెతుక్కుని, నన్ను చూసి మరీ ఏడ్చింది."

 "దెబ్బ తగిలిందా?" అన్నాడు.

"తగిలింది, కొంచెమే."

"మరి నువ్వు నవ్వుతున్నావేంటే?"

"మీరూ నవ్వుతున్నారుగా."

ఆయన వచ్చి వాళ్ళ పక్కనే నేల మీద కూలబడి, పొడి చేత్తోనే పిల్ల తల వెనక తడిమాడు. బొప్పి లేదు, కాస్త ఎర్రగా ఉంది, జుట్టంతా తెల్లబడి చిన్న ముసలమ్మలా తయారైంది పిల్ల. ఏడుపు ఆగింది, ఎక్కిళ్ళు మిగిలాయి. ఒక ఎక్కిలికీ ఇంకో ఎక్కిలికీ మధ్య పిల్ల ఆమె ముఖాన్ని చూస్తూ ఆలోచించింది. ఆలోచించి, దెబ్బా లేదు కన్నీళ్ళూ లేవు, ఊరికే, ఊఁ అంది. "ఏంటమ్మా?" అంది ఆమె వెంటనే, ముఖం దగ్గరకు తెచ్చి. పిల్ల ఆగింది. చూసింది. కాసేపాగి మళ్ళీ, ఊఁ. "చెప్పమ్మా." ఇటు తిరిగి ఆయన వంక, ఊఁ. "చిత్తం తల్లీ, సెలవియ్యి" అన్నాడు ఆయన. పిల్ల ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తను ఏదో నొక్కితే ఈ ఇద్దరిలో ఏదో వెలుగుతోంది, ప్రతిసారీ వెలుగుతోంది, ఇదేదో బావుంది.

"అయిపోయామే మనం," అన్నాడు ఆయన. "ఇక రాత్రీ లేదు, పగలూ లేదు."

"కింది వాటా ఆవిడకు చెప్పాలి," అంది ఆమె. "రేపు మెట్ల మీద కనపడితే చెప్తాను, మా పిల్ల కూడా ఏడుస్తుందండీ అని."

ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. ఆమెకు ఒక్కసారిగా దాహం తెలిసింది, ఇందాకటి నుంచీ గొంతు ఎండిపోయి ఉంది. పిల్లను సోఫాకు ఆనించి కూర్చోబెట్టి, తిమ్మిరి వదిలి జివ్వుమంటున్న కాలితో కుంటుకుంటూ వంటింట్లోకి వెళ్ళింది. గ్లాసు తీసుకుంది, నీళ్ళు పట్టుకుంది, తాగబోతుంటే వెనకనుంచి, పిల్ల ఉన్న గదిలోంచి వినబడింది. ఊఁ. ఆమె చెయ్యి ఆగిపోయింది. తను గదిలో లేదు. పిల్లకు తను కనబడడం లేదు. మళ్ళీ వినబడింది, ఈసారి కాస్త పొడుగ్గా, చివర ప్రశ్నలాగా పైకి లేస్తూ, తలుపు వంక తిరిగి అన్నట్టుగా ఉంది. నీళ్ళ గ్లాసు పట్టుకుని తలుపు చాటున నిలబడింది ఆమె. వెళ్ళాలి, వెంటనే వెళ్ళాలి, ఆలస్యం చేయకూడదు, తెలుసు. ఇంకొక్కసారి వినాలని మాత్రం అనిపించింది. ఒక్కసారి. వినబడింది. గ్లాసు ఎక్కడ పెట్టిందో చూసుకోకుండా పెట్టేసి, "ఆఁ, వచ్చేశా!" అంటూ గదిలోకి పరిగెత్తింది.